నాము

ఆ రోజుల్లో నేను కూరగాయలు వేలు చూపించి కొనేదాన్ని. నోరు తెరిస్తే మాది ఏ ప్రాంతమో తెలిసిపోతుందని భయం. కొత్తపేట రైతుబజారులో ఒకసారి అలవాటు కొద్దీ "ఆనపకాయ ఎంతమ్మా?" అని అడిగాను. "సొరకాయ అను బిడ్డా, నోరేం అరగదు" అంది అమ్మే ఆవిడ. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆ నవ్వులో కోపం లేదు, నాకది తెలుసు. అయినా ఏమీ కొనకుండానే ఇంటికి వచ్చేశాను. మర్నాటి నుంచి వేలు చూపించడం మొదలుపెట్టాను.

తెలంగాణ ఉద్యమం పతాక స్థాయిలో ఉన్న కాలం. ఉద్యోగులంతా సమ్మెలో ఉన్నారు. బస్సులు లేవు, బడులు లేవు, కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియదు. మాది తెనాలి పక్క పల్లె. నా టీచరు ఉద్యోగం దిల్‌సుఖ్‌నగర్‌లో కావడంతో కొత్తపేట వెనక సందుల్లో ఇల్లు కట్టుకున్నాం. మావారు పశువైద్యుడిగా కోస్తా జిల్లాల్లో పనిచేసి, రిటైరై వచ్చి నా దగ్గరే ఉంటున్నారు. మా ఇంటి మీద ఎవరూ రాయి వెయ్యలేదు. మమ్మల్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. అయినా సాయంత్రం డప్పుల చప్పుడు వినిపిస్తే చాలు, కిటికీలు మూసి మోకాళ్లూనేదాన్ని. భయపడవద్దని లేఖనం ఎన్ని చోట్ల చెప్పిందో నాకు కంఠతా వచ్చు. ఆదివారపు బడిలో పిల్లలకు నేర్పింది నేనే. ఆ వాక్యాలన్నీ నోటితో వల్లిస్తూ చెవిని మాత్రం వీధి వైపు పెట్టేదాన్ని.

ఆ బడి పాఠాల్లోనే ఒక కథ ఉంది. యుద్ధంలో ఓడినవాళ్లు పారిపోతూ నది రేవు దాటబోతారు. గెలిచినవాళ్లు అడ్డం నిలబడి ఒక మాట పలకమంటారు. చిన్న మాటే, ధాన్యపు కంకికి పేరు. ఓడినవాళ్ల ఊళ్లలో ఆ మాట మొదటి అక్షరం నాలుకకు తిరగదు. తిరగనివాణ్ణి అక్కడే రేవులో నరికేస్తారు. పిల్లలు బెదిరిపోతారని ఆ పాఠాన్ని నేను ఎప్పుడూ త్వరగా ముగించేదాన్ని. ఆ ఏడాది మాత్రం ఎల్బీనగర్ చౌరస్తా దాటిన ప్రతిసారీ అదే గుర్తొచ్చేది.

మా సంఘం దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటరు పైఅంతస్తులో, అద్దె హాల్లో కూడుకునేది. సగం మంది మాలాంటి కోస్తావాళ్లు. సగం మంది నల్గొండ పల్లెల నుంచి వచ్చి, ఇక్కడ మేస్త్రీలుగా, డ్రైవర్లుగా, పాలవాళ్లుగా బతుకుతున్నవాళ్లు. వాళ్లలో చాలామందికి ఊళ్లో ఇంకా చేనో, నాలుగు జీవాలో ఉండేవి. ఆరాధన చివర ప్రకటనల సమయంలో మావారు లేచి ఆ కాలానికి తగిన మాటలు చెప్పేవారు. తొలకరికి ముందు గొర్రెలకు చిటుకు రోగం టీకా, చలికాలంలో లేగదూడల మీద గోనెపట్టా, మేడ మీద బీరపాదుకు వేపపిండి. దేవుని మందిరంలో పేడ మాటలేమిటని ఒకరిద్దరు పెద్దలు గొణిగారు. ప్రభువు పుట్టింది పశువుల పాకలోనే కదా అని మా పాస్టరుగారు నవ్వేసి ఊరుకున్నారు.

ఇక్కడి మాటకూ మా మాటకూ అక్కడే తగువు వచ్చేది. ఒకసారి మావారు చేనుకు పశువుల ఎరువు తోలమని చెబుతుంటే, నల్గొండ మేస్త్రీ ఒకాయన లేచి "ఎంత పెంట తోలాలె సార్?" అని అడిగాడు. మా కోస్తా ఆడవాళ్లంతా పమిటలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మా దగ్గర ఆ మాట అంటే మనిషి మలమే. పాపం ఆయన, ఏం తప్పు మాట్లాడానా అని చుట్టూ చూశాడు. "నిక్షేపంలాంటి మాటేనయ్యా, బండికి నిండుగా తోలు" అన్నారు మావారు. ఆ రోజు అందరం కలిసి నవ్వుకున్నాం. సమ్మె మొదలయ్యాక హాల్లో ఎవరి వరసలో వాళ్లు కూర్చోవడం వచ్చింది. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు, కానీ నవ్వులు తగ్గాయి.

ఆ నల్గొండ కుటుంబాల్లో మేమంతా పాల చెల్లి అని పిలిచే ఆవిడ ఒకతె ఉండేది. చంపాపేట్ దాటి బాలాపూర్ వెళ్లే దారిలో ఖాళీ ప్లాట్ల మధ్య రేకుల షెడ్డు వేసుకుని, నాలుగు బర్రెల్ని మేపుతూ ఇంటింటికీ పాలు పోసేది. ఆ నాలుగు బర్రెలే వాళ్లకు అన్నం. వాటిలో పెద్దది చూడితో ఉంది. షెడ్డు పక్కన పచ్చిమేత కోసం జొన్న వేసి ఒక కోత కోశారు. ఆమె భర్త మంచివాడే గాని మందిరానికి వచ్చేవాడు కాదు. "మీ దేవునికి నువ్వు చాలు, బర్లకు నేను చాలు" అనేవాడట.

ఆ ఏడు వానలు మొదట్లో మురిపించి తర్వాత మొహం చాటేశాయి. ఒక ఆదివారం మావారు ప్రకటనల్లో గట్టిగానే చెప్పారు. జొన్న కోసిన మోళ్ల నుంచి మళ్లీ వచ్చే పిలకల్లో, అవి నీళ్లు లేక వాడినప్పుడు, విషం ఉంటుందని. మంచి వాన పడి, ఏపుగా పెరిగి, పూత పట్టేదాకా పశువును అటు వెళ్లనివ్వొద్దని. పిలక జొన్న అనే మాటే వాడారు.

మెట్ల దగ్గర పాల చెల్లి ఆయన్ను ఆపింది.

"సార్, గడ్డి ఒడిసింది. దాణా లారీలు బందైనయ్. మోళ్లకు మల్ల చిగురొచ్చింది, మోకాలెత్తు ఉంది. కోసి ఏద్దునా?"

"వద్దమ్మా. ఎక్కడన్నా ఎండుగడ్డి దొరుకుతుందేమో చూడు. వాన పడనీ."

"గట్లనే సార్. పాలు మాత్రం తగ్గినయ్. సమ్మె మేమే కాదు, బర్లు గూడ చేస్తున్నయ్" అని నవ్వుతూ దిగిపోయింది.

ఆ తర్వాత కొద్ది రోజులకే జరిగింది ఇది. ఆ రోజు బంద్. రాత్రంతా కరెంటు లేక మావారి ఫోన్ ఆరిపోయి పడి ఉంది. ఆయన పొద్దున్నే మేడ మీదికి వెళ్లి పాదులకు నీళ్లు పోస్తున్నారు. నా ఫోన్ మోగింది. ప్రార్థన గొలుసులో నాకు ముందుండే సహోదరి. మా సంఘంలో ఎవరికి ఆపద వచ్చినా ముందు తణుకు ఆంటీకి ఫోన్ చేస్తారు. తణుకు నుంచి వచ్చి స్థిరపడ్డ పెద్దావిడ ఆమె, సంఘంలో అందరి నంబర్లూ ఆమె దగ్గర, ఆమె నంబరు అందరి దగ్గరా ఉంటాయి. ఆవిడ ఇంకొకరికి, వాళ్లు మరొకరికి, అలా అందరం ఎక్కడివాళ్లం అక్కడ మోకాళ్లూనుతాం.

"పాల చెల్లి ఇంటి మీద పడ్డారట" అంది ఆ సహోదరి. ఆమె గొంతు ఆమెది కానట్టు ఉంది. "ప్రభువు నామం గురించే గొడవట. నామం ఎత్తినందుకు మీద పడ్డారట. తలుపులు వేసుకుని ప్రార్థించండి. మనవైపు కూడా రావచ్చంటున్నారు."

ఇన్నాళ్లూ దేనికి భయపడ్డానో అది వచ్చేసింది అనిపించింది. ముందు మాట గురించి, ఇప్పుడు నామం గురించి. వీధి తలుపు గడియ వేశాను. కుర్చీ జరిపి అడ్డం పెట్టాను. వంటింట్లో మోకాళ్లూని కళ్లు మూసుకున్నాను. పాల చెల్లి నవ్వుతూ మెట్లు దిగడమే కళ్లకు కడుతోంది.

మేడ మీంచి దిగిన ఆయన కుర్చీని చూసి, "ఇదేమిటే, కొత్తగా?" అన్నారు.

చెప్పాను. ఏడుస్తూ చెప్పాను. ఆయన చేతిలో నీళ్ల డబ్బా అలాగే ఉంది.

"ఏ నామం?"

"ప్రభువు నామమండీ. ఇంకే నామం ఉంటుంది?"

"ఆ అమ్మాయి నామం అందా, నాము అందా?"

నాకు అర్థం కాలేదు. కృష్ణా కాలవ కింద, వరిచేల మధ్య పుట్టిన నేను ఆ మాట ఎన్నడూ వినలేదు. జొన్న పండే మెట్ట ఊళ్లలో, మోడు నుంచి మళ్లీ లేచిన ఆ చిగురునే నాము అంటారట. మొదటి ఉద్యోగం పల్నాడులో చేసినప్పుడు ఆయన ఆ మాట విన్నారు. ఆ మేత మేసి పడిన పశువులనూ చూశారు.

తణుకు ఆంటీకి నేనే ఫోన్ కలిపాను.

"ఆంటీ, చెల్లి ఏమందో ఉన్నదున్నట్టు చెప్పండి."

"చెప్పాను కదమ్మా. నామం అంది. పడ్డారంది. జల్దీ ప్రార్థన అంది. వెనకాల ఒకటే డప్పులు, సరిగ్గా వినపడితేగా. తిరిగి చేస్తే ఎత్తడం లేదు."

ఆయన ఫోన్ నా చేతిలోంచి తీసుకున్నారు. "ఆంటీగారూ, పడ్డరు అందా, పడ్డయ్ అందా?"

"దానికీ దీనికీ తేడా ఏవుందండీ డాక్టరుగారూ? వాళ్లు అన్నీ తెగ్గొట్టేసే మాట్లాడతారు కదా."

"మీరు విన్నది విన్నట్టు పలకండి. అర్థంతో మీకు పనిలేదు."

అవతల ఆవిడ గొంతులోనే ఒకటి రెండుసార్లు అనుకుని చూసుకుంటున్నట్టు వినిపించింది. "పడ్డ... పడ్డయ్. ఆఁ, పడ్డయ్ అనే అందండీ. పడ్డయ్, పడ్డయ్ అని ఏడ్చింది."

మనుషులైతే పడ్డరు. పశువులైతే పడ్డయ్. ఆ ఒక్క అక్షరం ఆంటీ దగ్గర మారి, గొలుసు చివర నా దగ్గరికి వచ్చేసరికి మా అందరి భయమూ దానికి అంటుకుంది.

ఆ క్షణంలో నాకు కలిగింది ఊరటే. మనుషులు ఎవరి మీదా పడలేదు. కానీ ఆయన అప్పటికే అటక మీంచి పాత తోలుసంచీ దింపుతున్నారు. "నాము తిన్న పశువు ఎక్కువసేపు ఆగదు. హైపో కావాలి. ఫోటోలు కడిగే మందు, దానికి విరుగుడు అదే. మందుల షాపులు మూసేశారు, పశువుల ఆసుపత్రి సమ్మెలో ఉంది. సందు చివర స్టూడియోలో పాత సరుకు ఉంటుందేమో. నువ్వెళ్లి అడుగు, నేను సూదులు కాచుకుంటాను" అన్నారు.

సందు చివర ఫోటో స్టూడియో ఆయనది మిర్యాలగూడ వైపు. షట్టరు మీద ఉద్యమం పోస్టర్లు, మెట్ల మీద ఎప్పుడూ కండువాలు వేసుకున్న కుర్రాళ్లు. నేను ఆ మెట్ల ముందు నుంచి వెళ్లాల్సి వస్తే అవతలి గోడవారగా తల వంచుకుని నడిచేదాన్ని. ఇప్పుడు అక్కడికే వెళ్లి నోరు తెరవాలి. వేలు చూపిస్తే హైపో రాదు.

షట్టరు సగం దించి ఉంది. ఆయన మెట్ల మీదే కూర్చుని ఉన్నాడు.

"ఏందమ్మా, ఫోటోనా? బంద్ ఉన్నది గద ఇయ్యాల."

"ఫోటో కాదండీ. హైపో కావాలండీ."

"హైపోనా? గిప్పుడెవలు కడుగుతున్నరమ్మా ఫోటోలు. అంత కంప్యూటరే."

"బర్రెలకండీ."

ఆయన నన్ను కిందనుంచి పైకి చూశాడు. "బర్లకు ఫోటోలు దిగుతరా మీ దిక్కు?"

కుర్రాళ్లు విరగబడి నవ్వారు. "ఆధార్ కార్డుకు గావొచ్చే" అన్నాడొకడు. నా చెవులు వేడెక్కాయి. వెనక్కి తిరిగి పరుగెత్తాలనిపించింది. ప్రభువా, నాలుక తిప్పు అనుకున్నాను.

"బర్రెలు నాము తిన్నాయండీ" అన్నాను.

నవ్వు ఆగిపోయింది. ఆయన లేచి నిలబడ్డాడు.

"యాడ? ఎవలియి?"

"బాలాపూర్ దారిలో. మా సంఘంలో చెల్లెలివి. మీ నల్గొండవాళ్లే."

ఆయన షట్టరు పైకెత్తి లోపలికి పోయాడు. డబ్బాలు కిందపడుతున్న చప్పుడు. దుమ్ము పట్టిన ప్యాకెట్లు పట్టుకొచ్చాడు. "మా నాయిన కాలంల ఒక్కనాడు మందకు మంద పోయింది నాముకు. డాక్టర్ సాబు ఏడి? స్కూటర్ తియ్యమను. నేను ముంగట పోత, నా బండికి జెండా ఉన్నది. మీరు నా ఎనకనే రాండ్రి, ఆగకుండ్రి."

మావారిని ఒంటరిగా పంపడం నావల్ల కాలేదు. స్కూటరు వెనక సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నేను వద్దన్నా ఆయన వెళతారని తెలుసు. ఆయనకు ఏమైనా అయితే ఇంట్లో కూర్చుని ఫోన్‌లో వినడం కన్నా పక్కన ఉండడమే మేలనిపించింది. రోడ్డంతా ఖాళీ. అంత ఖాళీ రోడ్డును దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా నేను ఎన్నడూ చూడలేదు. ఆ ఖాళీయే ఎక్కువ బెదరగొట్టింది.

చౌరస్తాలో టైర్లు కాలుతున్నాయి. రోడ్డుకు అడ్డంగా రాళ్ల పొయ్యిలు పెట్టి, పెద్ద గిన్నెల్లో అన్నం వండుతున్నారు. ఆడవాళ్లు పాడుతున్నారు. స్టూడియో ఆయన బండి ఆపాడు. మా స్కూటరు చుట్టూ మనుషులు మూగారు.

"ఎవరన్నా ఈల్లు?"

"పశువుల డాక్టరన్నా. బర్లు నాము తిన్నయట, బాలాపూర్ దిక్కు పోతున్నం."

"డాక్టర్లు సమ్మెల ఉన్నరు గద. ఈయన సమ్మె ఇడిసి డ్యూటీ చేస్తుండా?" అని ఒక నడివయసాయన మావారి దగ్గరికి వచ్చాడు. స్కూటరు హ్యాండిల్ మీద చెయ్యి వేశాడు. "ఏం పెద్దాయనా, సమ్మె మీకు లేదా?"

"నేను రిటైరయ్యాను బాబూ. సమ్మె చెయ్యడానికి నాకు ఉద్యోగం ఏదీ?" అన్నారు మావారు.

ఆ ఒక్క వాక్యంలో మా తెనాలి అంతా వినిపించింది. ఇద్దరు ముగ్గురు నవ్వారు. హ్యాండిల్ మీది చెయ్యి మాత్రం కదల్లేదు.

"ఆంధ్రా సారా? మంచిగనే మాట్లాడుతుండు. గయితే ఒక్కసారి జై తెలంగాణ అను, పో."

నేను సంచీని గుండెలకు అదుముకున్నాను. రేవు దగ్గరికి వచ్చేశాం అనుకున్నాను. ఆయన అనకపోతే ఏమవుతుంది? అంటే, ఆయన నాలుక మీద ఆ మాట ఎలా పలుకుతుంది? ఎగతాళి అనుకుంటారా? జయం అనే మాటను ప్రభువుకు తప్ప ఇంకెవరికీ పలకని మనిషి ఆయన. ఎన్నికల రోజుల్లో కూడా పలకలేదు.

ఆయన ఆ మనిషి కళ్లలోకి చూసి నెమ్మదిగా అన్నారు. "అంటాను బాబూ. భయపడి అన్నానంటే నీకూ బాగోదు, నాకూ బాగోదు. ముందు బర్రెల్ని లేపనీ. వచ్చేటప్పుడు ఇక్కడే బండి ఆపి అంటాను."

టైరు ఒకటి టప్పున పగిలింది. నేను కళ్లు మూసుకున్నాను.

"పోనియ్యరా" అంది పొయ్యి దగ్గర గరిటె తిప్పుతున్న పెద్దావిడ. "గొడ్డు సచ్చిపోతుంటే నీకు నినాదం గావాల్నా? తొవ్వ ఇయ్యి."

చెయ్యి హ్యాండిల్ మీంచి లేచింది.

షెడ్డు దగ్గరికి చేరేసరికి రెండు బర్రెలు చచ్చిపడి ఉన్నాయి. కడుపులు ఉబ్బి, నోటి పక్కన నురగ. ఒకటి తూలుతూ రాటకు ఆనుకుని నిలబడింది. పెద్దది, చూడి బర్రె, పక్కకు ఒరిగి పడి కాళ్లు కొట్టుకుంటోంది. దాని ఊపిరి రంపం కోసినట్టు వినిపిస్తోంది. కళ్ల లోపలి పొర ఎర్రగా, అప్పుడే కోసిన దానిమ్మలా ఉంది. పాల చెల్లి దాని తలను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆమె భర్త గోడకు తల కొట్టుకుంటున్నాడు. పొద్దున ఆమె పాలు పొయ్యడానికి వెళ్లినప్పుడు, బర్రెలు ఆకలికి అరుస్తుంటే చూడలేక ఆయనే ఆ పిలకలు కోసి వేశాడు.

"నాకు చెప్పలె ఎవ్వలు" అన్నాడు మావారిని చూసి. "ఇది చెప్పిందో ఏమో, నేను ఇనలే."

మావారు ఆయన భుజం తట్టి బిందెతో నీళ్లు తెమ్మన్నారు. హైపో పలుకులు నీళ్లలో కలిపి, నిలబడ్డ బర్రెకు వెదురుగొట్టంతో తాగించారు. పడినదానికి నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుందట. దానికి నరానికే ఎక్కించాలి. ఆయన సంచీలోంచి సెలైన్ సీసా తీసి, పాల చెల్లి వైపు తిరిగారు.

"అమ్మా, ఇది ఫోటోలు కడిగే సరుకు. నరానికి ఎక్కించడానికి తయారుచేసింది కాదు. ఎక్కిస్తే బతకవచ్చు, అక్కడికక్కడే పోనూవచ్చు. ఎక్కించకపోతే మాత్రం పోతుంది. కడుపులో దూడ ఉంది. నువ్వు చెప్పు."

పాల చెల్లి భర్త వైపు చూసింది. ఆయన మొహం తిప్పుకున్నాడు. ఆమె బర్రె చెవిలో ఏదో అంది, తర్వాత తలెత్తింది.

"ఎక్కియ్యుండ్రి సార్. పోతే నా ఒళ్లనే పోతది."

మందును మరగబెట్టి, నా చీర కొంగు కడిగి దానితో వడపోసి, సీసాలో కలిపారు. స్టూడియో ఆయన బర్రె మెడ తొక్కిపట్టాడు. సూది దిగింది. నేను సీసా పైకెత్తి పట్టుకుని నిలబడ్డాను. చుక్కలు దిగుతున్నాయి. ప్రార్థించాలని చూస్తే ఆ అలవాటు మాట దగ్గరే, నామమున అనే దగ్గరే, నా నోరు ఆగిపోతోంది. ఆ రెండు మాటలూ లోపల ఒకదాని మీద ఒకటి ఎక్కి తొక్కుకుంటున్నాయి. చివరికి "ప్రభువా, ఇది లేవాలి" అని మాత్రం అనుకున్నాను.

ఎంతసేపు గడిచిందో తెలియదు. నా చెయ్యి తిమ్మిరెక్కింది. రంపపు చప్పుడు ఆగింది. అందరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. పోయిందనుకున్నాం. అప్పుడు బర్రె ముక్కులోంచి పొడుగాటి ఊపిరి ఒకటి వదిలి, తల ఎత్తి, పాల చెల్లి మోకాలిని నాకింది. సాయంత్రానికి ముందుకాళ్ల మీద లేచి, ఇంకోసారి పడి, మళ్లీ లేచింది. బెల్లం నీళ్లు తాగింది. దూడ ఉందో పోయిందో ఇప్పుడే చెప్పలేనని మావారు అన్నారు.

తిరుగు దారిలో చౌరస్తా దగ్గర నేను ఆయన వీపు మీద తట్టాను. "ఆగకండి, వెళ్లిపోదాం. చీకటి పడుతోంది."

"మాట ఇచ్చానే" అన్నారు.

బండి ఆపారు. పొద్దుటి మనుషులు ఎవరూ లేరు. బూడిద, వైరు చుట్టలు, నల్లబడ్డ రాళ్లు. ఆ పెద్దావిడ ఒక్కతే గిన్నె తోముకుంటోంది. ఆయన స్కూటరు దిగి, చెప్పులు సర్దుకుని, ఆమె ముందు నిలబడి, "జై తెలంగాణ అమ్మా" అన్నారు. మా యాసలోనే.

ఆవిడ తల ఎత్తకుండానే "జై తెలంగాణ. బర్రె లేచిందా అయ్యా?" అంది.

"ఒకటి లేచింది. ఒకటి పడలేదు. రెండు పోయినాయి."

"రెండు మిగిలినయ్ గద." గిన్నె అడుగున ఉన్న అన్నం ఆకులో పెట్టి ఇచ్చింది. "పొద్దుగాల్నుంచి ఏం తిన్నరో ఏమో."

ఆదివారం సాక్ష్యాల సమయంలో పాల చెల్లి లేచింది. "నాము నుంచి దేవుడు నా బర్రెను లేపిండు" అనగానే తణుకు ఆంటీ కళ్లు మూసుకుని "ప్రభువు నామానికి స్తోత్రం" అంది. "గా నామం కాదు ఆంటీ, నాము" అంది చెల్లి. హాలంతా నవ్వింది, అటు వరసలూ ఇటు వరసలూ. ఆంటీ కూడా నవ్వింది. చెల్లి నవ్వుతూనే ఏడ్చేసింది. పోయిన రెండింటినీ పేర్లు పెట్టి పిలుచుకునేది ఆమె. "నిన్న పొద్దుగూకంగ కడుపుల దూడ తన్నింది సార్. నా చెయ్యి మీదనే తన్నింది" అని కూర్చుంది. ఆమె భర్త గుమ్మం అవతల, చెప్పుల దగ్గర నిలబడి ఉన్నాడు. లోపలికి రాలేదు.

ప్రకటనలకు మావారు లేచారు. మోళ్లు ఉన్నవాళ్లు వెంటనే దున్నించేయాలని, నేలలో పదును దొరికితే ఉలవలు చల్లుకోవచ్చని చెప్పారు. తర్వాత గొంతు సవరించుకుని, "ఇది మా వైపు పిలక జొన్న. ఇక్కడ నాము. ఫోన్‌లో ఎవరు ఏ మాట అన్నా అందరికీ తెలియాలి. నా వెనక చెప్పండి" అన్నారు. ఆదివారపు బడి పిల్లల చేత చెప్పించినట్టు చెప్పించారు. ముందు నల్గొండ వరసల చేత మా మాట, తర్వాత మా వరసల్లో ఒక్కొక్కరి చేత వాళ్ల మాట. తణుకు ఆంటీ చివర సున్నా పెట్టి నామం అంటే మళ్లీ చెప్పించారు.

నా వంతు వచ్చింది. కింద రోడ్డు మీద డప్పులు దగ్గరపడుతున్నాయి. కిటికీ నా పక్కనే, తెరిచి ఉంది. నా చెయ్యి రెక్క మీదికి వెళ్లింది. గుమ్మం అవతల నుంచి పాల చెల్లి భర్త నా నోటి వైపే చూస్తున్నాడు.

"నాము" అన్నాను, బయటికి వినిపించేలా.